పరామర్శకు ట్వి పాఠాలు

కుమాసి నగర మాతృభాషా పరిరక్షణ సంఘం అధ్యక్షులు ఒఫోసుహెనె గారి ఇంట్లో ఆ మాతృభాష ట్వి మీద ఎలాంటి నిషేధమూ లేదు. బజారులో బేరమాడటానికి, డ్రైవరును తిట్టడానికి, దేవుణ్ణి గట్టిగా ఏదైనా అడగడానికి ఆ భాషే వాడేవారు. పిల్ల చెవిన మాత్రం పడనిచ్చేవారు కారు. ఆ జాగ్రత్త ఫలించి, కూతురు అఫ్రకోమాకు మంచినీళ్లడగడం కూడా ఇంగ్లిషులోనే వచ్చు.

ఇంతలో మాంపాంగ్‌లో ఆయన మేనమామ పోయాడు. అంత్యక్రియలకు ఊరంతా వస్తుంది. అధ్యక్షుడి కూతురు నోరు విప్పకపోతే సంఘం పరువేం కాను? ఆయనకు ఫుఫూ ముద్ద సహించలేదు.

"మనమే నేర్పుకోవచ్చుగా?" అంది భార్య.

"ఇంట్లో నేర్చినదానికి సర్టిఫికెట్ ఎవడిస్తాడే?"

హాలెండులో ట్వి పట్టా పుచ్చుకుని వచ్చిన యూస్ట్ దొరను వెంటనే నియమించారు. దొర శ్రద్ధగా దండాలు, ధన్యవాదాలు నేర్పాడు. దుఃఖంలో ఉన్నవాళ్లను 'డ్యూయె' అని ఓదార్చాలనీ, కష్టపడేవాళ్లను 'అయెకూ' అని మెచ్చుకోవాలనీ వల్లె వేయించాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఎరుపూ నలుపూ సంతాపపు బట్టల జనం మధ్య అఫ్రకోమా, పోయినాయన భార్య చేయి పట్టుకుని, కాస్త హాలెండు యాసతో, స్పష్టంగా "అయెకూ, మామ్మా!" అంది. మొగుడు పోయినందుకు శభాష్ అన్నమాట.

డప్పులు ఆగిపోయాయి. ఒఫోసుహెనెకు భూమి చీలితే బాగుండుననిపించింది. ముసలమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారు. నవ్వుతోంది.

"నీ నోరు చల్లగుండ, తల్లీ! ఆ మొండిమనిషితో ఇన్నేళ్లు వేగాను. శభాష్ అన్నది నువ్వొక్కదానివే!"

"పొరపాటైంది అత్తా, దానికింకా..."

"నువ్వూరుకోరా! పిల్ల నాతో మాట్లాడుతోంది."

సాయంత్రం దాకా పిల్లను పక్కనే కూర్చోబెట్టుకుంది. దొర నేర్పని మాటలు, ముఖ్యంగా పోయినాయన్ని తిట్టిన తిట్లు, అఫ్రకోమాకు బోలెడు వచ్చేశాయి.

ఆ ఆనందంలో అధ్యక్షులవారు లేచి, మాతృభాష తల్లిపాల వంటిదని ఇంగ్లిషులో ధారాళంగా ఉపన్యసించారు.

"ఏమంటున్నాడే మీ నాన్న?" అని ముసలమ్మ అడిగింది.

అఫ్రకోమా తడుముకుంటూనే ట్విలో చెప్పింది: "ట్వి మాట్లాడాలంట, మామ్మా."

"ఎవరు?"

ఆ ప్రశ్న చప్పట్లలో కలిసిపోయింది. ఉపన్యాసం అర్థం కానివాళ్లే ఎక్కువసేపు కొట్టారు.

మరుసటి వారం దొర ఇంటి ముందు తల్లిదండ్రులు బారులు తీరారు. అందరిదీ ఒకటే షరతు: ట్వి నేర్పండి గానీ, ఇంగ్లిషు మీడియంలో.

ఇందులో నవ్వడానికేముందో పాఠకులు తమ పిల్లలకు ఇంగ్లిషులో వివరించగలరు.