పైకప్పు దాతల పేర్లు

ఒక అడవిలో ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉండేది. పెద్దదంటే బోర్డే పెద్దది. బోర్డు దాటి లోపలికెళ్తే నాలుగు చెట్లూ, ఓ గడ్డి బయలూ, ఒక రాతి గుహా. ఆ గుహే లైబ్రరీ.

గుహ నిండా ఆకులు. ఏ కాయ తింటే ప్రాణం మీదికొస్తుందో, దానికి విరుగుడేంటో, ఎండాకాలం ఏ మడుగులో నీళ్లు మిగులుతాయో, ముల్లు దిగితే ఏ ఆకు కట్టాలో, ముందు తరాలవాళ్లు చచ్చీ చెడీ తెలుసుకున్నదంతా ఆ ఆకుల మీద పసరుతో రాసిపెట్టారు. వెలుతురుకి మిణుగురు పురుగులు గోడల మీద వరసగా కూచునేవి.

ఒక గాలివానకి గుహ మీది బండ జారి లోయలో పడింది. లైబ్రరీ మూతలేని కుండైపోయింది.

వీసీ గారు ఏనుగు, పేరు భీమేశ్వర్రావు. ఆయన సింహం గారి కొలువుకి వెళ్లి కప్పు వేయించమని అడిగాడు. సింహం గారు ఆవలించి, దాతల్ని చూసుకోండి అన్నారు. ఆవలింతలో పళ్లన్నీ కనపడ్డాక ఇంకో మాట అడిగేదెవరు?

భీమేశ్వర్రావు వెనక్కొచ్చి దాతల విభాగం అని ఒకటి పెట్టాడు. దానికి అధిపతిగా ఉడుత మంగాయమ్మని పిలిపించాడు.

మంగాయమ్మ మొగుణ్ణి గద్ద ఎత్తుకుపోయింది. ఏడుస్తూ కూచుంటే పిల్లల్ని కూడా ఎత్తుకుపోతుందని ఏడవలేదు. పిల్లల్ని ముళ్లపొదలో దాచుకుని, పొద్దుటే గింజలకి పోయి పొద్దుగూకే వేళకి వచ్చేది. ఆ పొదలోకి పాము కూడా వస్తుంది. అందుకని పొద్దంతా ప్రాణం పొదలోనే ఉండేది.

నాకు చదువు రాదండయ్యా అంది మంగాయమ్మ. చదువొచ్చినవాళ్లకి చందా అడగాలంటే సిగ్గమ్మా, అందుకే నువ్వు అన్నాడు ఏనుగు. అదీగాక ఎప్పుడో సముద్రం మీద వారధి కడితే మీ తాతమ్మే కదా ఇసక మోసింది, ఉడతాభక్తి అని ఊరూరా మీ పేరే చెప్పుకుంటారు, నువ్వెళ్లి అడిగితే కాదనేవాడెవడు అన్నాడు.

జీతం సంగతి అడిగితే, ఇప్పటికి టెంపరరీ అన్నాడు. వానల్లోపల కప్పు వేయిస్తే పర్మనెంటు, దాంతోపాటు విశ్వవిద్యాలయం ఆవరణలో ఎత్తు చెట్టు మీద తొర్ర.

తొర్ర అనగానే మంగాయమ్మ ఒప్పేసుకుంది.

మొదట ఎలుగుబంటి జంబయ్య దగ్గరికెళ్లింది. తేనె వ్యాపారంలో బలిసినవాడు, కొండవారంతా వాడి వెదురు పొదలే. అంతా విని కడుపు గోక్కుంటూ అడిగాడు.

"మీ తాతమ్మ ఎంత ఇసక మోసిందమ్మా?"

"ఏదో, తోకకి అంటుకున్నంత."

"తోకకంటుకున్న ఇసకకి మీ జాతి మొత్తానికీ వీపు మీద మూడు గీతలు. పుట్టే పిల్లకి కూడా గీతలే. మరి నేను బండ్లకొద్దీ వెదుళ్లు ఇస్తే నాకేం గీస్తారు?"

తన వీపే తనకి అడ్డమొస్తుందని మంగాయమ్మ అనుకోలేదు.

మీ పేరు రాయిస్తాం బావగారూ అంది. ఎక్కడ రాస్తారన్నాడు. ద్వారం మీద అంటే, లోపలికొచ్చేవాడు తల వంచుకుని వస్తాడు, చూడడు అన్నాడు. స్తంభం మీద అంటే, వీపులానించి చెరిపేస్తారు అన్నాడు. చివరికి తనే చెప్పాడు. లైబ్రరీలో ఎవడైనా దీపం వైపే చూస్తాడు కాబట్టి దీపం మీద రాయమన్నాడు.

అలా మిణుగురు పురుగుల వెనకభాగాల మీద, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం, 'ఎలుగుబంటి జంబయ్య గారి ధర్మం' అని రాయించారు. చెరిగిపోకూడదని జంబయ్య పట్టుబట్టాడు. అందుకని చాకళ్లు గుడ్డలకి గుర్తు పెట్టే నల్లజీడి రసంతో రాశారు. బట్ట చిరుగుతుంది గానీ ఆ గుర్తు పోదు.

మిణుగురులు వీసీ గారి దగ్గరికెళ్లి, రంగు పూస్తే వెలుతురు బయటికి రాదండీ అని మొరపెట్టుకున్నాయి.

"మీ పని మీరు వెలగడం. వెలుతురు సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు భీమేశ్వర్రావు.

తర్వాత మంగాయమ్మ మొసలి ధర్మలింగం దగ్గరికెళ్లింది. ఏటి రేవు అతనిది. దాటేవాళ్లలో కొంతమంది దాటరు, ఎందుకు దాటలేదని అడిగేవాళ్లుండరు. కళ్లలో నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "రా చెల్లెమ్మా, దగ్గరికి రా, అంత దూరంలో నిలబడితే చదువు మీద నాకున్న ప్రేమ నీకెలా వినపడుతుంది?" అన్నాడు. మంగాయమ్మ, ఇక్కడికి బాగానే వినపడుతోందన్నయ్యా అని కొమ్మ దిగలేదు.

కప్పు మొత్తానికీ తాటాకులు ఇస్తానన్నాడు ధర్మలింగం. జంబయ్యకి దీపాలిచ్చారని అప్పటికే తెలుసు అతనికి. దీపం ఆర్పితే పేరు పోతుంది, నాకు పుస్తకం మీద కావాలి అన్నాడు. ఏ పుస్తకం అంటే, ఒక పుస్తకం ఎవడడిగాడమ్మా, అన్నిటి మీదా అన్నాడు.

లైబ్రేరియన్ తాబేలు కూర్మయ్య ఈ సంగతి విని తల బయటపెట్టాడు. ఏడాదికోసారి పెడతాడు. ఆకులో చోటు లేదు, ఒకవేళ రాసినా సన్నంగా అంచున రాయాలి అన్నాడు. మొసలి దగ్గర్నుంచి జవాబొచ్చింది: నా తాటాకులు కూడా అంచున వేసుకోండి, మధ్యలో వాన కురవనివ్వండి.

కూర్మయ్య వీసీ గారికి చెప్పుకున్నాడు. రాసినదాని మీదే రాస్తే అసలు సంగతి ఎలా చదువుతారండీ అన్నాడు. పసరు రాతని కొత్త అక్షరాల మధ్యనుంచి చదువుకుంటారు, మన విద్యార్థుల తెలివి మీద నమ్మకం లేదా అన్నాడు వీసీ. కూర్మయ్య తల లోపలికి లాక్కున్నాడు. అతని రిటైర్మెంటుకి ఇంకో వందేళ్లుంది, గొడవెందుకని ఊరుకున్నాడు.

మంగాయమ్మ దగ్గరుండి రాయించింది. ఆకు తియ్యడం, జీడి రసం ముంచడం, 'మొసలి ధర్మలింగం గారి ధర్మం' అని లావుగా రాయడం. చదువు రానిది కాస్తా ఆ అక్షరాలు చూసీ చూసీ కళ్లు మూసుకుని గుర్తుపట్టే స్థితికొచ్చింది. మనసులో ఏదో గుచ్చుకునేది. తొర్ర గుర్తొచ్చి ఊరుకునేది. కుందేళ్లు ఎండుగడ్డి ఇచ్చాయి, దుప్పులు నారతాళ్లు ఇచ్చాయి, వాళ్ల పేర్లు గోడల మూలల్లో పడ్డాయి.

మబ్బు పట్టకముందే కప్పు పూర్తయింది. పిచ్చిక దూరే సందు కూడా లేదు. మంగాయమ్మ పైకెక్కి అటూ ఇటూ పరిగెత్తి చూసి, తన కళ్లని తనే నమ్మలేకపోయింది.

ప్రారంభోత్సవం పెట్టారు. దాతలకి మోదుగాకు శాలువాలు కప్పారు. వీసీ గారు తొండమెత్తి ఉపన్యాసం చెప్పారు. అప్పుడు దాతలందరూ తమ పేర్లు చూసుకుందామని లోపలికెళ్లారు.

లోపల చిమ్మచీకటి.

"నా పేరేదీ?" అంది జంబయ్య గొంతు.

"దీపాల మీదుందండీ" అన్నాడు కూర్మయ్య.

"దీపాలేవీ?"

"మీ పేరు వెనకాల ఉన్నాయండీ."

చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు. కుందేలే అయ్యుండాలి, జంబయ్య చేతికి దొరికితే చచ్చేది. ధర్మలింగమైతే, తన పేరు కనపడకూడదనే ఈ బండోడు దీపాలకి రంగు పూయించాడని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి తాతల్ని ఒకరు తిట్టుకున్నారు. నా వెదుళ్లు నాకిచ్చెయ్యండి అని ఒకడు, నా తాటాకులు పీక్కుపోతానని ఇంకొకడు. మిణుగురుల రంగు కడిగేద్దామంటే జంబయ్య ఒప్పుకోడు, ఒప్పుకున్నా జీడి పోదు.

వీసీ గారు మంగాయమ్మని పక్కకి పిలిచాడు. నీ పర్మనెంటు ఆర్డరు నా సంతకం కోసమే ఆగింది, ఈ దాతలు అలిగి వెళ్లిపోతే నా సంతకం కూడా అలుగుతుంది అన్నాడు.

మంగాయమ్మ ఆలోచించింది. ముళ్లపొదలో పిల్లల్ని తలుచుకుంటూ ఆలోచించింది కాబట్టి లైబ్రరీ గురించి ఆలోచన కొంచెమే పడింది.

"జంబయ్య గారి పేరున్న చోట కప్పులో చిన్న కన్నం పెడితే పగటి వెలుతురు పడుతుందండయ్యా. అంత చిన్న కన్నంలోంచి ఎంత వాన వస్తుంది?"

వీసీ గారు మెచ్చుకున్నాడు. కన్నం పెట్టారు. జంబయ్య తన పేరు చూసుకుని మురిసిపోయాడు. ధర్మలింగం పేరు ఆకులన్నిటి మీదా ఉంది కాబట్టి అతనికి ఆకులున్నంత మేరా కన్నం కావాలి. పెట్టారు. కుందేళ్లు, మా గడ్డి గడ్డి కాదా అన్నాయి. దుప్పులు, మేం తాళ్లిచ్చింది మూలలో చీకటి కొనుక్కోడానికా అన్నాయి. వాళ్లకీ పెట్టారు. చివరికి కప్పు మీద వెదుళ్లొక్కటే మిగిలాయి. వాటి నీడ తన పేరు మీద అడ్డగీతల్లాగా పడుతోందని, కొట్టేసినట్టుందని ధర్మలింగం ఏడిస్తే అవీ పీకేశారు.

ఇప్పుడు పైకప్పు దాతల పేర్లన్నీ బ్రహ్మాండంగా కనపడుతున్నాయి. పైకప్పే లేదు. దాతలు రోజూ వచ్చి చూసుకుని వెళ్లేవారు. అడవిలో ఇంతమంది లైబ్రరీకి రావడం ఇదే మొదటిసారి అని వీసీ గారు సింహం గారికి కబురు పంపాడు.

తర్వాత వానలొచ్చాయి. ఒక జల్లు కాదు, ముసురు. ముసురు తెరిపిచ్చేసరికి పసరంతా కడుక్కుపోయి గుహ గుమ్మంలోంచి పచ్చటి నీళ్లు పారాయి. జీడి రసం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ముసురు వెలిసిన పొద్దున్నే మంగాయమ్మ నడిమి పిల్లాడు, ఆకలికి ఆగలేక, పొద పక్కనున్న ఉమ్మెత్తకాయ కొరికాడు. కళ్లు తేలేసి లేని గద్దని చూసి కేకలు పెడుతున్నాడు. మంగాయమ్మ వాణ్ణి నోట కరుచుకుని లైబ్రరీకి పరిగెత్తింది. ఉమ్మెత్త విరుగుడు ఆకు ఎక్కడుందో కూర్మయ్యకి తెలుసు, తీసిచ్చాడు. చదవమంది.

కూర్మయ్య చదవలేదు. చదవక్కర్లేకుండానే మంగాయమ్మకి ఆ అక్షరాలు తెలిసిపోయాయి.

"కింద ఏముంది కూర్మయ్యా?"

"ఏం లేదమ్మా. కడుక్కుపోయింది."

"ఇంకో ఆకు తియ్యి."

తీశాడు. ఇంకోటి తీశాడు. అన్నిటి మీదా ధర్మలింగం ధర్మమే. మంగాయమ్మ ఇంక ఆకుల వైపు చూడలేదు. పిల్లాణ్ణి తలకిందులు చేసి, బురద నీళ్లు గొంతులో పోసి, కక్కించింది, మళ్లీ పోసింది, మళ్లీ కక్కించింది. పిచ్చి ప్రేలాపనలు పేలి పేలి వాడు బతికాడు గానీ ఆ తర్వాత చూపు ఆనలేదు. గింజ ఎదురుగా ఉన్నా తడుముకుని తీసుకుంటాడు.

ఇంక తన పని అయిపోయిందనే అనుకుంది మంగాయమ్మ. కప్పు లేదు, ఆకుల్లేవు, తొర్ర ఎవరిస్తారు? పిల్లల్ని తీసుకుని వేరే అడవికి పోదామనుకుంటుంటే వీసీ గారు పిలిపించాడు. తిట్టించుకోడానికే వెళ్లింది.

వీసీ గారు నవ్వుతూ ఆర్డరు చేతిలో పెట్టాడు. పర్మనెంటు. చెట్టు మీద ఎత్తయిన తొర్ర.

"కప్పు లేదు కదండయ్యా?" అంది మంగాయమ్మ.

"అందుకేనమ్మా. కప్పు నిలిచుంటే ఇంక దాతల విభాగంతో పనేముంది? నిన్నెలా పంపించాలా అని మథనపడుతున్నా. దేవుడు వాన రూపంలో నీ ఉద్యోగం నిలబెట్టాడు. రేపట్నుంచి కొత్త కప్పుకి చందాలు మొదలుపెట్టు."

మంగాయమ్మ ఆర్డరు తీసుకుంది. దండం పెట్టింది. చూపు ఆనని పిల్లాణ్ణి వీపునెక్కించుకుని తొర్రకి మార్చి, తెల్లారగానే జంబయ్య గుమ్మం ముందు నిలబడింది.

నీతి: కప్పు వేసినవాడికి సెలవు, కారనిచ్చినవాడికి కొలువు.