మంత్రిగారి అభిప్రాయం కింద ఉంది

ఇకపై తాను రోజూ చదువుకోదలచినట్లు సమాచార శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టి మరీ ప్రకటించారు. చరిత్ర మీదా, టెక్నాలజీ మీదా ఇంటర్నెట్‌లో దొరికే మంచి వ్యాసాలను ఏరి, భద్రపరిచి, ఒక్కోదాని కిందా తన అభిప్రాయం రాసి శాఖ వెబ్‌సైట్‌లో ప్రజల ముందు ఉంచుతారట.

"తీరిక ఎలా దొరుకుతుంది సార్?" అని అడిగాడొక విలేకరి.

"ప్రజల కోసం నిద్ర త్యాగం చేస్తాను" అన్నారు మంత్రిగారు.

ఆ నిద్ర పీయేది.

పీయే మెత్తని మనిషి. మంత్రులు మారినా ఆయన కుర్చీ మారలేదంటే కారణం ఆ మెత్తదనమే. వ్యాసాలు వెతకడం ఆయన పని. కారులో ముందు సీట్లో కూర్చుని పేరు చదివేవాడు. వెనక సీట్లో కళ్లు మూసుకున్న మంత్రిగారు అభిప్రాయం చెప్పేవారు.

"చక్రం పుట్టుక, సార్."

"మంచి పని చేశారు. రాయి."

"ఆవిరి యంత్రం, సార్."

"వేడిగా ఉండి ఉంటుంది. అది రాయకు."

ఒకరోజు పీయేకి నిజంగానే మంచి వ్యాసం దొరికింది. రిటైరైన హిస్టరీ మాస్టారొకాయన పాత స్కూటరు మీద కొండలన్నీ తిరిగి, కూలిపోయిన బురుజుల ఫొటోలు తీసి రాసుకున్నది. ఫోన్లు లేని రోజుల్లో ఒక బురుజు మీద జెండా ఊపితే, దాన్ని చూసి పక్క బురుజువాడు ఊపేవాడట. అలా కబురు రాజుగారికి చేరేదట. పీయే దాన్ని చివరిదాకా చదివాడు. తనకు నచ్చిందని మొదటిసారి మంత్రిగారితో కాస్త వివరంగా చెప్పబోయాడు.

"చాలా బాగుంది. ఇలాంటివి మళ్లీ రావాలి" అని మంత్రిగారు అటు తిరిగి పడుకున్నారు.

ఆ వారమే వెబ్‌సైట్‌లో ఆ అభిప్రాయం చదివిన శాఖ కమిషనర్ ఫైలు పట్టుకుని వచ్చాడు. కొత్త బురుజులకు టెండర్లు పిలిచేశామన్నాడు.

"బురుజులెందుకండీ? సెల్ టవర్లున్నాయి కదా" అన్నాడు పీయే.

"ఉన్నాయి. వాటి గురించి మంత్రిగారు ఏమీ రాయలేదు."

బురుజులంటే ఎత్తు కావాలి. ఊళ్లో ఎత్తయిన మేడలన్నిటికీ కొలతలు తీశారు. ఒక మధ్యాహ్నం పీయేకి వాళ్ల అక్క ఫోన్ చేసింది. ఆవిడ మేడ మీది గదుల్లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. బావ పోయాక ఆ ఇల్లు నడుస్తున్నది దానిమీదే.

"ఒరేయ్ తమ్ముడూ, ఎవరో వచ్చి గదుల చుట్టూ సున్నంతో గీత గీసి పోయార్రా. ఇవి కొట్టేసి బురుజు కడతారట. దానిమీద మనిషి నిలబడి జెండా ఊపుతాడట. మిషన్లు తీసెయ్యమంటున్నారు."

"ఎవరన్నారక్కా?"

"మీ మంత్రిగారట. నువ్వక్కడ కూర్చుని ఉండగా నాకిదేం ఖర్మరా?"

పీయే పరుగున వెళ్లేసరికి మంత్రిగారు లావుపాటి పుస్తకం చేతపట్టుకుని ఫొటో దిగుతున్నారు.

"సార్, ఆ బురుజులు వద్దంటే బాగుంటుందేమో."

"ఏ బురుజులు?"

"మీరే రావాలన్నారు సార్."

"అన్నానా? అయితే అన్నట్టే. మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. నువ్వేదో చూసుకో."

పీయే చూసుకున్నాడు. వెబ్‌సైట్ తెరిచి 'రావాలి' చెరిపేసి 'రాకూడదు' అని పెట్టాడు. సాయంత్రంలోపు మనుషులు బకెట్లతో వచ్చి, అక్కయ్య మేడ మీద సున్నం గీత కడిగేసి పోయారు. మంత్రిగారి పునరాలోచనను రెండు పత్రికలు మెచ్చుకున్నాయి. అక్కయ్య కూడా తమ్ముణ్ణి మెచ్చుకుంది. చాలా రోజుల తర్వాత పీయే కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ఎస్సై ఫోన్ చేశాడు.

"సార్, మాస్టార్ని లోపలేశాం."

"ఏ మాస్టార్ని?"

"బురుజుల వ్యాసం రాసినాయన్ని. ఇలాంటివి మళ్లీ రాకూడదని మంత్రిగారు రాశారు కదండీ. ఇంకోటి రాస్తూ దొరికాడు. కంప్యూటర్ కూడా తెచ్చేశాం. ఇక రాదు."

పీయే స్టేషన్‌కి వెళ్లాడు. మాస్టారు ఊచల వెనక నేలమీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆఫీసు మనిషని తెలిసి లేచి వచ్చారు.

"మంత్రిగారు చాలా బాగుందన్నారటగా. మరి నచ్చనిదెక్కడో కాస్త కనుక్కుంటారా? దిద్దుకుంటాను."

"నేను చదివానండి" అన్నాడు పీయే. "పొగమంచు రోజుల సంగతి బాగా రాశారు."

మాస్టారి మొహం వెలిగింది. "చదివారా? అవునండీ. ముందువాడు ఊపింది కనబడకపోయినా, పక్కవాడు ఏదో ఒకటి ఊపేసేవాడు. ఊరుకుంటే ఉద్యోగం పోతుంది కదా."

పీయే ఎస్సైని పక్కకు పిలిచి, పెద్దాయన్ని వదిలెయ్యమన్నాడు.

"నోటిమాట మీద కుదరదు సార్. లోపలేసింది రాత మీద. బయటికి పంపాలన్నా రాతే కావాలి."

పీయే అక్కడే వరండాలో నిలబడి, ఫోన్ తీసి, వ్యాసం కింద మంత్రిగారి పేరుతో రాశాడు: 'వెంటనే విడుదల చేయాలి.'

ప్రభుత్వం ఇంత వేగంగా కదలడం ఆయన ఎప్పుడూ చూడలేదు. తెల్లారేసరికి వ్యాసం అచ్చయిపోయింది. హాలు మాట్లాడారు. మైకులు కట్టారు. బురుజు బొమ్మ ఉండాల్సిన అట్ట మీద మంత్రిగారి ఫొటో. వేదిక వెనక గుడ్డమీద పెద్దక్షరాలతో 'పుస్తక విడుదల'.

మంత్రిగారు పుస్తకం పైకెత్తి చూపించారు. "ఇది నేను రాసినప్పుడు..."

"చదివినప్పుడు సార్" అన్నాడు పక్కనుంచి కమిషనర్.

"చదివినప్పుడు కన్నీళ్లాగలేదు. ఇంత గొప్ప రచయితను సన్మానించుకోకపోతే మన జన్మలెందుకు? ఏరీ ఆయన?"

కమిషనర్ వంగి చెవిలో చెప్పాడు. "లోపలున్నారు సార్."

"లోపలే ఉండిపోయారట" అన్నారు మంత్రిగారు మైకులో. "పెద్దవాళ్లకు మొహమాటం ఎక్కువ."

హాలంతా చప్పట్లు. బందోబస్తుకు వచ్చిన ఎస్సై కూడా గుమ్మం దగ్గర నిలబడి కొట్టాడు.

పీయే చివరి వరుసలో కూర్చుని ఫోన్ తెరిచాడు. 'వదిలేయండి' అని టైపు చేసి, దానివంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెరిపేశాడు. ఇంకో మాట కోసం తడుముకుంటుంటే, వేదిక దిగి వచ్చిన కమిషనర్ పక్క కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఈసారి ఏం రాయబోతున్నారో కాస్త ముందే చెప్పండి సార్. మేం కూడా ఏర్పాట్లు చేసుకోవాలి కదా."