విషం ఏ శాఖ కిందికి వస్తుంది?

ఆ ఉదయం నా చేతిలో ఉన్నవి మూడు వందల కిలోల బంగుడె చేపలు, సాయంత్రం దాకా సరిపడే ఐసు, పోయిన లోడులో విషం తేలింది కాబట్టి వాటిని అమ్మకూడదని ఒక నోటీసు. పడమటి తీరం నుంచి వచ్చిన సరుకును బెంగళూరు యలహంకలో నా కొట్టు ముందే ఆపేశారు. ఐసు కరిగేలోపు విడుదల చేయించుకోకపోతే మొత్తం గుంతలో పూడ్చాల్సిందే.

అదృష్టం కొద్దీ ఆ పొద్దున్నే పర్యావరణ మంత్రి చిక్కమునియప్పగారు మా కల్యాణ మంటపంలో ఒక ప్రకటన చేశారు: "మన సముద్రంలో విషం సున్నా." బెంగళూరుకు సముద్రం లేదు. అయినా ఇంత దూరం నుంచి సముద్రాన్ని శుభ్రం చేసిన మంత్రి మరొకరు లేరు. చప్పట్లు కొట్టి, శాలువా కప్పి, నోటీసు చూపించాను.

ఆయన నోటీసు రాసిన ల్యాబు అధికారి స్పందనను పిలిపించారు.

"ఏమ్మా, నేను సున్నా అంటాను. నువ్వు చేపల్లో విషం ఉండాదంటావు. ఎవరి లెక్క తప్పు?"

"రెండూ కరెక్టే సార్. పాత పురుగుమందులు, ఫ్యాక్టరీ రసాయనాలు ఏళ్లయినా చెడిపోవు. నీళ్లలో ఇమడవు, కొవ్వును పట్టుకుంటాయి. సముద్రంలో తేలే జంతు ప్లవకాలని చిన్న చిన్న పురుగులుంటాయి. వాటి ఒంట్లోని కొవ్వులో చేరతాయి. నీళ్లలో కంటే వేల రెట్లు."

"అంటే నీళ్లను క్లీన్ చేస్తా ఉండాయి. జీతం లేకుండా."

"క్లీన్ కాదు సార్, పోగేసుకుంటున్నాయి. వాటిని చేపలు తింటాయి."

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "పురుగు మింగితే అది ఎవరిది రామాంజీ?"

"నీళ్లు మనవి సార్. పురుగు, చేప మత్స్యశాఖవి."

"చేప లారీ ఎక్కితే?"

"రవాణా శాఖ."

"మనిషి తింటే?"

"ఆరోగ్యం సార్."

పరిపాలన మీద ఇంతటి పట్టు నేనెక్కడా చూడలేదు. ఒక పురుగు నోరు తెరిచిందో లేదో, విషం మా మంత్రిగారి శాఖ దాటిపోయింది.

స్పందన వదల్లేదు. "బాలింత తింటే పాలలోకి వస్తుంది సార్. బిడ్డకు పోతుంది."

మంత్రిగారు క్షణం ఆలోచించారు. "పాలంటే పశుసంవర్ధక శాఖ."

రామాంజి రాసుకున్నాడు.

"సార్, ఐసు కరిగిపోతా ఉండాది," అన్నాను.

"నీ చేపల్ని మేమెట్ల టెస్టు చేసేదప్పా, అవి మా శాఖవి కాదు కదా. పెట్టెలో కారిన నీళ్లు పట్టుకొని రా. నీళ్లు మావి."

సీసాలో పట్టి తెచ్చాను. టెస్టుకు నాలుగు రోజులు పడుతుందని స్పందన అంది.

"ఫలితం వచ్చేసింది కదమ్మా," అన్నారు మంత్రిగారు. "పొద్దున ప్రకటించినాను."

మధ్యాహ్నానికి నాకు విడుదల పత్రం, స్పందనకు దేవనహళ్ళికి బదిలీ పత్రం వచ్చాయి. నా దాంట్లో 'ఈ చేపల చుట్టూ ఉన్న నీటిలో విషం లేదు' అని రాసి, గుండ్రటి ముద్ర వేశారు. దాన్ని కొట్టు ముందు అతికించాను.

మొదటి బేరం పుష్పావతిది. "మా కోడలికి పాలు పడల్ల అన్నా. మంచివేనా?"

"మంత్రే రాసిచ్చినాడు చూడమ్మా."

చదివి, రెండు కిలోలు తీసుకుంది.

చీకటి పడేసరికి మూడు వందల కిలోలూ చెల్లిపోయాయి. ఒక్క చేప వెనక్కి రాలేదు, ఒక్కటి మా ఇంటికీ పోలేదు. వెళ్తూ దారిలో కిలో చికెన్ తీసుకున్నాను.