మామగారి పక్కన ఆవు

జమ్మలమడుగు తాలూకాఫీసు హెడ్ గుమాస్తా గురురాజారావు ఆ ఆదివారం పొద్దున రెండు పనులు పెట్టుకున్నాడు. ప్రొద్దుటూరు మీదుగా చుట్టు తిరిగి పోయి తన పుస్తకానికి కొత్త అట్ట కట్టించడం ఒకటి, ఆ తర్వాత పులివెందులలో మామగారి పదమూడో రోజు భోజనానికి అందుకోవడం రెండోది. ముఖ్యమైనది మొదటిదే.

విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో అచ్చయిన బొమ్మల హాస్య పుస్తకాలంటే ఆయనకు ప్రాణం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఊరొదిలిపోతున్న ఒక దొర సామాన్ల వేలంలో ఈ పుస్తకం చిక్కింది. ఒక్క పేజీ కూడా పోలేదన్నదే దాని ఘనత. అందులో ఒక బొమ్మను చూసి రోజూ నవ్వేవాడు: గుర్రం మీంచి బురదలో పడి, తప్పంతా గుర్రానిదే అన్నట్టు చూస్తున్న లావుపాటి దొర. "అచ్చం మీ నాయనే," అని భార్య విశాలాక్షికి ఒకసారి చూపించాడు కూడా. ఆమె నవ్వలేదు.

మామగారు పోయినప్పటి నుంచి తెరవని ఆ పుస్తకాన్ని, బయల్దేరబోతూ చుట్టిన గుడ్డ విప్పి చూస్తే ఆ పేజీ లేదు. కత్తెరతో నున్నగా కోశారు.

పుస్తకముండే బీరువా తాళంచెవులు తన దగ్గరొకటి, భార్య దగ్గరొకటి. భార్య పుట్టింట్లో ఉంది. గురురాజారావు ప్రొద్దుటూరు మాట మరిచి, పుస్తకం చంకన పెట్టుకుని నేరుగా పులివెందుల బస్సెక్కాడు.

గడప దాటగానే ఆయన మొహం చూసి అత్తగారు సరస్వతమ్మ గొల్లుమంది. "కన్న కొడుకు గూడా ఇంత దిగులు పడలేదు నాయనా!" కన్న కొడుకు రామమూర్తి పక్కనే ఉన్నాడు.

గురురాజారావు భార్యను స్తంభం చాటుకు పిలిచాడు. "నా పేజీ యాడ?"

"మెల్లగా మాట్లాడండి. బట్టలకని మనింటికి వచ్చినప్పుడు కోసుకొచ్చినా. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతాదని మా నాయన ఒక్కటీ తీయించుకోలేదు గదా. పటం లేకుండా పూలమాల దేనికేసేది? అచ్చం మీ నాయనే అని మీరే చెప్తిరి."

"అది ఎగతాళి బొమ్మే!"

"మీకు ఎగతాళి. ప్రొద్దుటూరు పెయింటరు ఎంత బాగా చేసినాడో పోయి చూడండి."

పోయి చూశాడు. పేజీని అట్టకు అంటించి, దానిమీదే రంగులేశారు. టోపీ తలపాగా అయింది. కోటు పట్టు ఉత్తరీయమైంది. బురద తివాచీ అయింది. నొసట నామం. మొహం మాత్రం మారలేదు. గుర్రం ఆవయింది.

"ఈ ఆవేంది?"

"గోదానమిచ్చినాము గదా బావా. నాయన్ను వైతరణి దాటించేది అదే," అన్నాడు రామమూర్తి.

ఇది దొర బొమ్మ, నా పేజీ నాకిచ్చేయండి అని చెబుదామనే గురురాజారావు నోరు తెరిచాడు. ఆవు మీద జీను అలాగే ఉంది. ఇన్నేళ్ల అలవాటు ఊరుకోలేదు. నవ్వు తన్నుకొచ్చింది. కండువా నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడుతుండగా పటం ముందు కూలబడ్డాడు.

"పట్టుకోండప్పా! గుండె పగులుతాది మనిషికి!" అని అరిచింది సరస్వతమ్మ. ఇల్లంతా ఏడ్చింది. నవ్వు ఆగాక అట్టకు అతుక్కుపోయిన పేజీ కళ్లబడి, గురురాజారావు కూడా నిజంగానే ఏడ్చాడు. ఇక నిజం చెప్పే దారి లేదు.

జనం సర్దుకున్నాక మామగారి తమ్ముడు రాఘవేంద్రయ్య కర్ర ఊతంగా నడిచొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన చూపు చంకలోని పుస్తకం మీదే ఉంది.

"అల్లుడూ, విశాలాక్షి అంతా చెప్పిందిలే. నేను గూడా ఫోటో తీయించుకోలేదప్పా. దాంట్లో బక్కపల్చని దొరలేమన్నా ఉండారా?"

వెనక వరుసలో మరికొందరు ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. విశాలాక్షి కత్తెర కోసం లోపలికి వెళ్లింది.