పొట్టు తీయని మంత్రిగారు

పొద్దుతిరుగుడు గింజను పొట్టుతో తినడమే అసలైన రైతు సంక్షేమమని జిల్లా ఇన్‌ఛార్జి మంత్రిగారు సోమవారం జాతికి తెలియజేశారు. ఆ రోజు పొద్దున దాకా ఆ రహస్యం ఆయనకూ తెలియదు.

ఆదివారం పెద్దముడియం రైతు సభలో మండల కన్వీనరు ఓబులేసు, వేయించిన గింజలు పళ్ళెంలో పెట్టి ఆయనకందించాడు. పట్నంలో పుట్టి పెరిగిన మంత్రిగారు గుప్పెడు నోట్లో పోసుకుని పొట్టుతోనే కరకరా నమిలారు. ఎదురుగా నాలుగు కెమెరాలు. పెద్దాయన నములుతుంటే "ఊసేయండి సార్" అనే ఆచారం ఆ పార్టీలో లేదు. అందుకని ఓబులేసూ గుప్పెడు నమిలి మింగేశాడు. వేదిక మీదున్న పదకొండు మందీ మింగారు. అదీ క్రమశిక్షణంటే!

సాయంత్రానికి వీడియో ఊరూరా తిరిగింది. గింజకు పొట్టుంటుందని తెలియని మంత్రి అంటూ ప్రతిపక్షం పకపకా నవ్వింది. ఓబులేసుకు మాత్రం నవ్వు రాలేదు. మార్కెట్ యార్డు ఛైర్మన్ పదవికి అతని పేరున్న ఫైలు మంత్రిగారి చేతిలోనే ఉంది మరి.

మనవాడు తక్కువ తిన్నాడా? తెల్లారేసరికి ప్రొద్దుటూరులో ప్రెస్‌మీట్ పెట్టాడు.

"సారు తెలిసే తిన్నారు. పొట్టులోనే ఉండాది ఫైబరంతా!"

"తింటే ఏం కాదా మామా?" విలేకరి ఇమ్తియాజ్ అడిగాడు.

"ఏమైతాది? చూడు!" అని రెండు గుప్పిళ్ళు మింగి చూపించాడు.

మంత్రిగారు మురిసిపోయి మధ్యాహ్నానికి పైన చెప్పిన ప్రకటన చేశారు. మంగళవారం పులివెందుల కార్యకర్తల మీటింగులో మనిషికో పొట్లం పంచారు. పొట్టు ఊసినవాడిని "వాడు మనోడు కాదప్పా" అని పక్కవాళ్ళే పట్టిచ్చారు. ఓబులేసు నాలుగు పొట్లాలు ఖాళీ చేశాడు.

గురువారానికి కడుపు కుండలా ఉబ్బింది. "గొడ్లు గూడా మూతి తిప్పుకునేది తింటాండావు, ఏం పదవో ఏమో!" అని ఏడుస్తూ భార్య పెంచలమ్మ అతన్ని జమ్మలమడుగులో డాక్టరు కెరోలిన్ దగ్గర చేర్పించింది.

"పొరబాటున ఒకటో రెండో పోతే పర్వాలేదు. పొట్టు అరగదప్పా. ఇన్ని మింగితే పేగులో గడ్డకట్టి అడ్డం పడతాది. రేపు ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. అంతదాకా మంచినీళ్ళు గూడా తాగొద్దు. ప్రాణానికే ముప్పు," అంది డాక్టరు.

"మెల్లగా చెప్పమ్మా, బయట విలేకర్లుండారు," అన్నాడు ఓబులేసు.

అంతలో మంత్రిగారే పరామర్శకు వచ్చారు. కెమెరాలను గుమ్మం దగ్గరే ఆపి, మంచం పక్కన కూర్చున్నారు.

"నిజంగా మింగావటయ్యా?"

"మీరు మింగినారు గదా సార్!"

"నేనా? బుగ్గన పెట్టుకుని, కారెక్కగానే ఊసేశానయ్యా."

మంత్రిగారు జేబులోంచి చిన్న పొట్లం తీశారు.

"కెమెరావాళ్ళను లోపలికి పిలుస్తున్నాను. నవ్వుతూ రెండు గింజలు వేసుకో చాలు, జనానికి ధైర్యంగా ఉంటుంది. యార్డు సంగతి నేను చూసుకుంటాను."

"వద్దబ్బా, నీకు దండం పెడతా," అంది పెంచలమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని.

కెమెరాల లైట్లు వెలిగాయి. ఓబులేసు నవ్వుతూ నోరు తెరిచాడు.