వినాయకుడెక్కిన స్పీడుబోటు

నేరేడ్‌మెట్‌లో కుళాయిలూ పైపులూ అమ్ముకునే రామ్మోహనరావు గారు ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కామాక్షి గారు రైతుబజారు నుంచి తిరిగొచ్చేలోగా బోటును తెచ్చి అపార్ట్‌మెంటు సెల్లారులో పెట్టేయాలి. పైన పాత దుప్పటి కప్పేయాలి. తొమ్మిదింటికి ఆవిడ చేసిన ఉప్మా తిని, బాగుందని రెండుసార్లు మెచ్చుకుని, అప్పుడు మెల్లిగా అసలు సంగతి చెప్పాలి.

బోటంటే అల్లాటప్పా బోటు కాదు. అరవైల నాటి టేకు చెక్క స్పీడుబోటు. పద్దెనిమిది అడుగుల పొడవు, ముక్కు మీద ఇత్తడి పట్టీ, ఎర్ర రెక్సిన్ సీట్లు. రామ్మోహనరావు గారు పుట్టి పెరిగింది కాకినాడలో. పదేళ్ల వయసులో రేవులో అలాంటి బోటొకటి నీళ్లు చీల్చుకుంటూ పోవడం చూసినప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. తీరా సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డాక ముప్పయ్యేళ్లలో నీళ్లతో మిగిలిన సంబంధం కుళాయిలు అమ్మడమే. అందుకే బొల్లారంలో ఒక షెడ్డులో ఆ బోటు అమ్మకానికి కనపడగానే ఆయన బేరం కూడా ఆడలేదు.

అమ్మిన ఉదయ్ భాస్కర్ దాచిందంటూ ఏమీ లేదు. "బాడీ మొత్తం ఒరిజినలే అంకుల్. ఇంజను ఒక్కటే మార్పించాం."

"ఏ ఇంజను పెట్టించారు?"

"అంబాసిడర్ కారుది. మా బ్రహ్మచారి బిగించాడు."

ఇద్దరు పిల్లల తండ్రి అయిన బ్రహ్మచారి పక్కనే నిలబడి ఉన్నాడు. వడ్రంగం నుంచి వెల్డింగు దాకా అతనికి రాని పని లేదు, రాదని ఒప్పుకున్న పనీ లేదు. "జెర సుత పరేషాన్ గావద్దు సార్. టాక్సీ ఇంజన్. నీళ్ల డ్రమ్ముల పెట్టి ఫ్యాన్ తిప్పి చూసిన. గిర్రున తిరిగింది" అన్నాడు.

"చెరువులో ఎప్పుడైనా దించారా?"

"దించనిస్తెనే గద సార్!"

ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాల్సింది. కానీ ఇత్తడి పట్టీ మీద ఎండ పడి మెరుస్తుంటే ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

పథకం సెల్లారు ర్యాంపు దగ్గరే బెడిసికొట్టింది. బోటు, దాని కింద ట్రాలీ, ముందు ట్రాక్టరు, అన్నీ కలిపి ఆ మలుపు తిరగలేదు. గంటసేపు ముందుకీ వెనక్కీ లాగి, చివరికి ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటులో పెట్టారు. దుప్పటి ముక్కు వరకే సరిపోయింది. అంతలో కామాక్షి గారు రెండు చేతుల్లో కూరగాయల సంచులతో ఆటో దిగారు.

"ఏవండీ, ఏంటది?"

"బోటు."

"బోటని తెలుస్తూనే ఉంది. మనింటి ముందెందుకుంది?"

ఉప్మా లేకుండానే అంతా చెప్పేయాల్సి వచ్చింది. కామాక్షి గారు కేకలేయలేదు. ఆవిడ కేకలేసి ఉంటే ఆయనకు కాస్త ధైర్యంగా ఉండేది.

"ఇరవై రోజులు గడువిస్తున్నాను. ఈలోగా అది నీళ్లలో నడిచిందా, ఉంచుకోండి. లేదా, పాతసామాన్లవాణ్ణి పిలుస్తాను. చెక్క వేరు, ఇనుము వేరు తూకం వేసి పట్టుకుపోతాడు."

చెక్క వేరు, ఇనుము వేరు అన్న మాట ఆ రాత్రంతా ఆయన చెవుల్లోనే తిరిగింది. మర్నాటి నుంచే కొట్టు గుమాస్తాకు అప్పగించి, బోటు ఫోటోలు పట్టుకుని చెరువుల వెంట పడ్డారు. ఒకచోట తెడ్లయితే సరేగానీ మోటారు కుదరదన్నారు. ఇంకోచోట మోటారు సరేగానీ సొంత బోటు కుదరదన్నారు. మూడోచోట అన్నీ సరేగానీ చెరువులో నీళ్లు లేవన్నారు. ఇలా వారం గడిచిపోయింది.

తొమ్మిదో రోజు వినాయక చవితి. ఆ పూట కూడా ఎవరో ఆఫీసరుని ఇంటి దగ్గర పట్టుకుందామని వెళ్లి, ఆయన పూజలో ఉన్నారని చెప్పించుకుని తిరిగొచ్చేసరికి, ఖాళీ ప్లాటులో మైకు మోగుతోంది. బోటు చుట్టూ బంతిపూల దండలు. కింద నీలం పరదాలతో అలలు. ఎర్ర రెక్సిన్ సీటు మీద, ఐదడుగుల మట్టి వినాయకుడు బోటు ముక్కువైపు చూస్తూ దర్జాగా కూర్చుని ఉన్నాడు.

కాలనీ యువజన సంఘం కార్యదర్శి లక్ష్మణ్ పరుగెత్తుకొచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఏటా మండపం వేసేది ఆ ప్లాటులోనే. చవితి ముందు అక్కడో బోటు వెలిసింది. ఎవరు తెచ్చారంటే రామ్మోహనరావు సారే తెచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. లక్ష్మణ్‌కు ఇంకేం అర్థమవుతుంది?

"ఏం ఐడియా సార్! అందరు చందా రాస్తరు. మీరు సెట్టింగే తెచ్చిండ్రు!"

"అది సెట్టింగు కాదయ్యా లక్ష్మణ్. నా బోటు!"

"మీదే సార్, కాదన్నదెవరు? బోర్డు మీద మీ పేరే రాసినం."

నిజమే, రాశారు. ఆయన పేరు ముందు 'నావదాత' అని బిరుదు కూడా ఉంది. రామ్మోహనరావు గారు నోరు తెరవబోయేంతలో, కాలనీలో అందరికంటే పెద్దదైన శ్యామలమ్మ అక్షింతలు చల్లుతూ తేల్చేసింది. "పూజ అయిపోయింది బిడ్డా. ఇగ నిమజ్జనం దాక సామిని లేపొద్దు."

దేవుణ్ణి లెమ్మనే ధైర్యం ఎవరికుంటుంది? వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే నిమజ్జనం పంతొమ్మిదో రోజు. గడువుకు మిగిలేది ఒక్క రోజు.

నావ గణపతి పేరు చూస్తుండగానే పాకిపోయింది. సైనిక్‌పురి నుంచీ కాప్రా నుంచీ జనం వచ్చి సెల్ఫీలు దిగారు. కేబుల్ టీవీ అమ్మాయి మైకు పెట్టి, "ఈ నావ ద్వారా సమాజానికి ఏం సందేశం ఇస్తున్నారు సార్?" అని అడిగింది. ఆయన కంగారులో, "కారే కుళాయిలు వెంటనే మార్పించుకోండి" అన్నారు. నీటిని కాపాడమంటున్నారని అందరూ చప్పట్లు కొట్టారు. కామాక్షి గారు రోజూ సాయంత్రం పులిహోర నైవేద్యం పెట్టి, దండం పెట్టుకుని, బోటును వేళ్లతో తట్టి చూసి, "చెక్క గట్టిదే. మంచి తూకం వస్తుంది" అని వెళ్లేవారు.

నిమజ్జనం నాడు మధ్యాహ్నం, బోటు మీదే వినాయకుణ్ణి ఊరేగించుకుంటూ కాప్రా చెరువుకు తీసుకెళ్లారు. అక్కడ క్రేను చెడిపోయి కొక్కెం గాలిలోనే ఆగిపోయింది. వెనకాల వినాయకుళ్ల వరుస కిలోమీటరు పొడవుంది. బందోబస్తులో ఉన్న ఎస్సై చెమటలు తుడుచుకుంటూ బోటు వంక చూశాడు.

"ఏయ్, గిది ఒట్టి బొమ్మనా, నడుస్తదా?"

"స్పీడుబోటు సార్! నిమిషంల పోతది!" అన్నాడు లక్ష్మణ్.

రామ్మోహనరావు గారు నీళ్ల వంక చూశారు. ఇన్నాళ్లూ కాళ్లరిగేలా తిరిగినా దొరకని చెరువు ఎదురుగా ఉంది. కానీ నడవకపోతే? దేవుడితో సహా ఇంతమంది ముందు మునిగితే? వెనక నుంచి కామాక్షి గారు మెల్లిగా అన్నారు. "ఎక్కండి. గడువు రేపటితో సరి."

గజ ఈతగాళ్లు ఆయనకూ, లక్ష్మణ్‌కూ, ఊరేగింపుతో పాటు వచ్చిన బ్రహ్మచారికీ లైఫ్ జాకెట్లు తొడిగి బోటెక్కించారు. ట్రాక్టరు వెనక్కి వెళ్లి ట్రాలీని నీళ్లలోకి దించింది. బోటు వెనకభాగం ముందుగా జారి, ఒకసారి ఊగి, తేలింది. తేలింది! రామ్మోహనరావు గారికి ఏడుపొచ్చినంత పనైంది. బ్రహ్మచారి ఇంజను స్టార్ట్ చేశాడు. చెరువంతా టాక్సీ స్టాండు మోత.

ముక్కు గట్టువైపు ఉంది కాబట్టి ముందు కాస్త వెనక్కి వెళ్లి తర్వాత తిప్పుకోవాలి. ఆయన రివర్స్ గేరు వేశారు. బోటు ఒక్క గెంతులో ముందుకు దూకింది. బ్యాండువాళ్లు డప్పులతో సహా పరుగులు తీశారు. ఇత్తడి ముక్కు ఎస్సై బూట్లకు జానెడు దూరంలో బురదలో దిగబడింది.

"సార్, ఎనకకు! ఎనకకు!" లక్ష్మణ్ అరిచాడు.

"వెనక్కే వేశానయ్యా!"

బ్రహ్మచారి గొంతు తగ్గించాడు. "సార్, కారు ఇంజన్ గద. ఉల్టా తిరుగుతున్నట్టుంది."

"డ్రమ్ములో చూశానన్నావుగా?"

"తిరిగిందనే చెప్పిన సార్. ఎటు పోతదో డ్రమ్ముల ఎట్ల తెలుస్తది?"

వాదించే సమయం కాదు. రామ్మోహనరావు గారు కళ్లు మూసుకుని గేరు ముందుకు నెట్టారు. బోటు బురదలోంచి ఊడివచ్చి, మెత్తగా, నిటారుగా, వెనక్కి వెళ్లడం మొదలుపెట్టింది. ఆగలేదు. తిప్పడానికి ఆయనకు చేతులు రాలేదు. పరువు పోయింది, రేపు చెక్క వేరు, ఇనుము వేరు.

గట్టు మీద డప్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో శ్యామలమ్మ గొంతు వినపడింది.

"చూడుండ్రి! గుళ్లెకెల్లి వచ్చేటప్పుడు మనం దేవునికి వీపు చూపెట్టం. గీ సామి మనకు వీపు చూపెట్టకుంట పోతుండు!"

అప్పుడు చూశారందరూ. ముఖం భక్తుల వైపే ఉంచి, చల్లగా చూస్తూ, వినాయకుడు దూరమవుతున్నాడు. గట్టంతా ఒక్కసారి 'జై' అని దద్దరిల్లింది. ఎస్సై టోపీ తీసి దండం పెట్టాడు. చెరువు మధ్యలో ముగ్గురూ కలిసి స్వామిని నీళ్లలోకి సాగనంపారు. ఇక బోటు తేలికైంది. రామ్మోహనరావు గారు రివర్స్ గేరు వేసి, గట్టిగా నెట్టారు. స్పీడుబోటు ముక్కెత్తి, రెండు పక్కలా నీళ్లు ఎగజిమ్ముతూ గట్టువైపు దూసుకొచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి నోరారా కేక పెట్టాడు. గట్టు దగ్గరయ్యాక మనసు రాక ఇంకో చుట్టు కూడా తిప్పాడు.

దిగేసరికి వరుసలో ఉన్న సంఘాలన్నీ మీద పడ్డాయి. "మా గణపతిని సుత గట్లనే తీస్కపోవాలె సార్, ఎనకకు!" క్రేను బాగైనా దాని మొహం చూసినవాడు లేడు. చీకటి పడేలోపు పద్నాలుగు మంది వినాయకుళ్లు వెనక్కి ప్రయాణం చేశారు. వరుస తప్పినవాళ్లను కామాక్షి గారు అదిలించి నిలబెట్టారు. "ఎవరండీ ముందుకు తోసుకొస్తున్నది? మా వారికి రెండు చేతులే ఉన్నాయి!"

మర్నాడు పాతసామాన్లవాడు వస్తే, ఆవిడ పాత పేపర్లు వేసి పంపించేశారు.

రెండు రోజులాగి బ్రహ్మచారి స్పానర్లతో వచ్చి, "గేరు ఉల్టా బిగిస్తే సీదా అయిపోతది సార్, పది నిమిషాల పని" అని బానెట్ ఎత్తబోయాడు. బోటును బాగుచేసే ప్రయత్నం ఎవరూ చేయరాదని కాలనీ సంఘం ఆ ఆదివారమే అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది.