నందకుమార్ జీతానికి సరైన పదం

మనిషిని చూసి, అతను చేసే పని చూసి జీతం ఇచ్చే అనాగరిక పద్ధతి వేలూరు దగ్గరి గుడియాత్తం బజారులో రెండువేల సంవత్సరం జూన్ నెలతో రద్దయింది. దాని స్థానంలో ఇంటర్నెట్ వచ్చింది. ఈ సంస్కరణ సుందరరాజులు గారి పైపులూ పెయింట్ల దుకాణంలో మొదలైంది. మొదటి లబ్ధిదారు అక్కడ పద్దెనిమిదేళ్లుగా లెక్కలు రాస్తున్న నందకుమార్.

లెక్కలు రాయడం అతని పనుల్లో ఒకటి మాత్రమే. పొద్దున షట్టరు ఎత్తేది అతనే, అమ్మకపు పన్ను ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడేది అతనే, మొదలాళి, అంటే యజమాని సుందరరాజులు గారి తల్లిగారిని వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయి టోకెన్ పట్టుకుని కూర్చునేదీ అతనే. అన్నిటికీ కలిపి నెలకు రెండువేల నాలుగు వందలు. ఆ ఏడు కూతురు ఆర్తికి వేలూరులో నర్సింగ్ కోర్సులో సీటు వచ్చింది. హాస్టలుకు నెలకు ఎనిమిది వందలు కావాలి, అది లేకపోతే చదువు లేదు. ఎన్నడూ నోరు తెరిచి అడగని మనిషి, మూడు రోజులు గొంతు సవరించుకుని నాలుగో రోజు అడిగేశాడు.

సుందరరాజులు గారు దయగలవారు. ఎవరికీ లేదనరు. ఆ మాట అనడానికే కొడుకు దీపన్‌ను పోస్టులో ఎంబీఏ చదివించారు.

"జీతం చెప్పాల్సింది మేమూ కాదు, నువ్వూ కాదన్నా," అని దీపన్ దుకాణం మధ్యలో నిలబడి ఉపన్యసించాడు. "మార్కెట్టు చెప్పాల. ఇట్లాంటి ఉద్యోగానికి ఊరూరా ఎంత ఇస్తా ఉండారో అంతా ఇంటర్నెట్లో ఉండాది. సరైన పదం కొట్టినామంటే సరైన అంకె వస్తాది. అది వచ్చినాక ఇంగ మాటే లేదు."

దుకాణంలో టైపు వచ్చినవాడు ఒక్కడే. అతను నందకుమార్. కాబట్టి తన జీతం తానే వెతుక్కురమ్మని నందకుమార్‌నే వేలూరు పంపారు. సొంతానికి లాగుతాడేమోనని ఎవరూ అనుమానించలేదు. అతన్ని ఎరిగినవారెవరికీ అలాంటి అనుమానం రాదు.

ఆస్పత్రి వీధిలో ఆరోకియమేరి అనే ఆవిడ బ్రౌసింగ్ సెంటర్ నడుపుతోంది. గంటకు నలభై, ప్రింటు కాగితానికి పది. నందకుమార్ చెప్పులు బయట విడిచి, దేవుణ్ణి తలుచుకుని, 'అకౌంటెంట్' అని కొట్టాడు. తొమ్మిది వేలు అని వచ్చింది. కాగితం నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకుని, దారి పొడుగునా జేబు మీది చేయి తీయలేదు.

"ఇది బొంబాయి రేటప్పా," అన్నారు సుందరరాజులు గారు. "బొంబాయిలో పాలారు పారతాదా?"

ఎండిపోయిన పాలారు ఏరు వేలూరులోనూ పారదు. కానీ ప్రశ్నలోని న్యాయం నందకుమార్‌కు తట్టింది. మర్నాడు 'షాప్ మేనేజర్' అని కొట్టాడు. ఆరువేల అయిదు వందలు. "నువ్వు మేనేజరైతే నేనెవరు నాయనా?" అని అడిగారు మొదలాళి, నొచ్చుకుంటూనే. మూడోసారి 'క్యాషియర్' అంటే, ఈ దుకాణంలో గల్లా తాళంచెవి నీ దగ్గర ఉండాదా అని దీపన్ నిలదీశాడు. నిజమే, లేదు.

నాలుగో రోజుకు నందకుమార్‌కు శాస్త్రం బోధపడింది. సరైన పదమంటే, మొదలాళి మనసులో ఉన్న అంకెను బయటికి తెచ్చేది. మిగతావన్నీ తప్పు వెతుకులాటలు.

"ఒక్క మాటతో ఆపేస్తే అంకె పెద్దగానే వస్తాదన్నా," అంది ఆరోకియమేరి, అతని అవస్థ చూసి. "మాటలు చేర్చే కొద్దీ తగ్గతాది. చేర్చి చూడు."

చేర్చాడు. 'అసిస్టెంట్' చేర్చాడు, నాలుగు వేలకు దిగింది. 'చిన్న ఊరు' చేర్చాడు, మూడు వేలు. 'పదో తరగతి', 'అనుభవం అక్కర్లేదు' అని కూడా చేర్చేసరికి పదిహేడు వందల యాభై దగ్గర తేలింది. ఏడాది చివర జమా ఖర్చులు పైసతో సహా సరిపోయినప్పుడు కలిగే సంతోషమే అతనికి అప్పుడూ కలిగింది. ఆ జీతం తనదేనన్న సంగతి బస్సు పళ్ళికొండ దాటాక గానీ గుర్తు రాలేదు. అప్పటికీ కాగితాన్ని దాచెయ్యాలన్న ఆలోచన రాలేదు, ఎందుకంటే తెచ్చి ఇవ్వడం అతని పని.

సుందరరాజులు గారు కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. "దీని ప్రకారం నీకు ఆరువందల యాభై కోయాల. కోయను. నువ్వు మా మనిషివి," అన్నారు. నందకుమార్ కళ్ళు చెమర్చాయి. ఎనిమిది వందలు అడగడానికి పోయి ఆరువందల యాభై మిగుల్చుకున్నానని ఇంట్లో భార్య జయకు చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి తన గొలుసు తీసి తాకట్టుకు ఇచ్చింది. మొదటి నెల హాస్టలు అలా గడిచింది.

మిగతా నెలలను బజారు గట్టెక్కించింది. మంచి పేరు ఒక దుకాణంలో ఆగదు. వర్తకుల సంఘం నందకుమార్‌కు శాలువా కప్పి, 'ఊరి జీతాలను అదుపులో పెట్టిన నిస్వార్థ పరిశోధకుడు' అని కొనియాడింది. పదహారు దుకాణాలు, దుకాణానికి నెలకొక ఉద్యోగం, ఖర్చులు పోగా ఉద్యోగానికి యాభై రూపాయలు. ఆదివారం ఆదివారం వేలూరు వెళ్ళి వెతికేవాడు. బట్టల దుకాణంలో పదకొండేళ్లుగా చీరలు విప్పి చూపిస్తున్న మహాలక్ష్మి 'ట్రైనీ' అని తేలింది. లారీ వీరప్ప 'డ్రైవింగ్ తెలిసిన క్లీనర్' అయ్యాడు. రాత్రి కాపలా రాజమాణిక్యాన్ని 'వసతితో కూడిన ఉద్యోగి' కింద వెతికితే, దుకాణం అరుగు వాడుకుంటున్నందుకు అతనే అద్దె బాకీ పడ్డాడు. బజారులో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. ఇంటర్నెట్ చెప్పింది కదా.

నెలకు ఎనిమిది వందలు సరిగ్గా వచ్చేవి. ఆర్తి మూడేళ్లూ చదివింది, ఫస్ట్ క్లాసులో పాసయింది.

ఆ వేసవిలో బస్టాండు పక్కన కొత్త నర్సింగ్ హోమ్ కట్టారు. దాని మేనేజరు జానకిరామన్ ఒక చీటీ పంపాడు: నర్సులు, ఆరుగురు. నందకుమార్ 'స్టాఫ్ నర్స్' అన్న మాటకు వచ్చిన అయిదు వేలను చూసి నవ్వుకున్నాడు. పదిహేను నిమిషాల్లో 'అనుభవం లేని', 'చిన్న ఊరు', 'ఆడ సహాయకురాలు' చేర్చి పన్నెండు వందలకు దించాడు. అంత తక్కువ సమయంలో అంత శుభ్రమైన పని అతను అంతకు ముందు చేయలేదు. జానకిరామన్ మెచ్చుకుని యాభైకి అరవై ఇచ్చాడు.

పది రోజులకు ఆర్తి ఆర్డరు కాగితం పట్టుకుని ఇంటికి వచ్చింది. సొంత ఊళ్ళోనే ఉద్యోగం దొరికింది, ఇక హాస్టలు ఖర్చు లేదు. కాగితం వెనక ఇంకో కాగితం కుట్టి ఉంది.

"పన్నెండు నూర్లే నాయనా," అంది ఆర్తి. "నేను చదివింది నర్సుకు కదా అంటే, ఇంటర్నెట్టులో నర్సు జీతం ఇదే, చూసుకో అని దీన్ని చూపించినారు. యాడికి పోయినా ఇంతేనంట."

"ఎవడు తీసినాడో, వాడికి ఆడబిడ్డలు లేరేమో," అంది జయ.

నందకుమార్ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తల వంచుకుని అంకెను ఒకసారి, పదాలను రెండుసార్లు చదివాడు.

"తప్పేం లేదమ్మా," అన్నాడు చివరికి. "సరిగ్గానే వెతికినారు."

అయ్యా, మీరు నవ్వుతున్నారు. మీ జీతం మార్కెట్టు ప్రకారమే ఉందని మీ ఆఫీసులోనూ ఎవరో ఒక కాగితం చూపించే ఉంటారు. దాన్ని తీసినవాడు మొదలాళి కాడు, మొదలాళి కొడుకూ కాడు. మీలాగే నెల జీతం మీద బతుకుతూ, పిల్లల ఫీజు కోసం ఆదివారాలు కూడా పని చేసే మంచి మనిషి.